అమెరికా పెద్ద బిల్లు: అప్పు ఎవరిది, పప్పుకూడు ఎవరిది?

(సంఘం జిల్లా శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం పత్తి కొనుగోళ్ల మీద చర్చ ఉంది. చాలామంది దానికోసమే వచ్చారని మాకు తెలుసు. పొద్దున పూట అమెరికా ఖజానా సంగతి మాట్లాడుకుందాం అనగానే వెనక వరుసల్లో నవ్వులు వినబడ్డాయి. తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రం నుంచి బండి వెనక్కి తిప్పుకొచ్చిన మనిషికి వాషింగ్టన్ గొడవ దేనికి? సబబైన ప్రశ్నే. అయితే ఆ బిల్లులో పత్తి ధర ఉంది, వరి ధర ఉంది. డల్లాస్‌లో ఉన్న పిల్లలు ఇంటికి పంపే డబ్బు మీద పన్ను ఉంది. ఆ బిల్లు తవ్విన గుంటను దేనితో పూడుస్తారని అడిగితే వాళ్లు చెప్పే లెక్కలో భీమవరం రొయ్య కూడా ఉంది. అందుకని ఒక గంట దీనికి కేటాయించాం.

బిల్లు పేరు వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్. పెద్ద, అందమైన బిల్లు అని ట్రంప్ స్వయంగా పెట్టిన పేరు. సెనేట్‌లో ప్రతిపక్ష నాయకుడు షూమర్ నిబంధనల పేరుతో అభ్యంతరం లేవనెత్తి ఆఖరి గంటల్లో ఆ పేరును బిల్లులోంచి తీయించారు. పేరు పోయింది గానీ లోపలి సరుకు అలాగే ఉంది. 2025 జులై 4న, అంటే వాళ్ల స్వాతంత్ర్య దినాన, ట్రంప్ దాని మీద సంతకం పెట్టారు.

ముందుగా అంకెల సంగతి. పేపర్లో ట్రిలియన్ అని కనబడగానే మనవాళ్లు పేజీ తిప్పేస్తారు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు, అంతే. బిలియన్ అంటే వంద కోట్లు. డాలరు 2025లో లాగా 88 రూపాయలని లెక్కేసుకోండి. ఆ బిల్లు పాసయ్యే నాటికి అమెరికా ప్రభుత్వం అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు. అక్టోబరులో 38 లక్షల కోట్లు దాటింది. మన కేంద్ర ప్రభుత్వం 2025–26కు పెట్టిన బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అలాంటి బడ్జెట్లు అరవైకి పైగా పేర్చితే గానీ అంత అప్పు కాదు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ అప్పు మీద కట్టిన నికర వడ్డీయే 88 వేల కోట్ల డాలర్లు. సైన్యం మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే దేశం, ఆ ఖర్చు కంటే వడ్డీకి ఎక్కువ కడుతోంది.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. ప్రభుత్వం అప్పూ మన ఇంటి అప్పూ ఒకటేనా? కాదు. మనం పంట రుణం తీసుకుని ఏటా వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకుంటాం. అమెరికా కూడా చేసేది అదే, పాత బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి కడుతుంది. కాకపోతే మనకు రూపాయి అచ్చువేసే మిషను లేదు, వాళ్లకు డాలరు అచ్చువేసే మిషను ఉంది. వాళ్ల పొలం జప్తు చేయడానికి ఏ బ్యాంకు మేనేజరూ రాడు. కాబట్టి ‘అప్పు పెరిగిపోయింది, రేపే దివాలా’ అని ఎవరైనా అరిస్తే మీరు కంగారు పడక్కర్లేదు. అలాగని అప్పు ఎంతైనా పరవాలేదు అనడమూ తప్పే. వడ్డీ పోయేది బాండ్లు కొన్న వాళ్లకు. బాండ్లు కొనేది చేతిలో డబ్బు మిగిలిన వాళ్లు. అంటే పన్నులు తగ్గించి ఎవరి చేతిలో డబ్బు మిగిల్చారో, వాళ్ల దగ్గరే అప్పు తెచ్చి వాళ్లకే వడ్డీ కడతారు. మన ఊళ్లో దీనికి వేరే పేరు ఉంటుంది లెండి.

అమెరికాలో అప్పుకు చట్టబద్ధమైన పరిమితి ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో పెట్టారు. ఆ గీత దాటాలంటే కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఒప్పుకోవాలి. గీత దగ్గరకు వచ్చినప్పుడల్లా ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకు అప్పు గుర్తొస్తుంది, అధికారంలో ఉన్నవాళ్లకు దేశ ప్రతిష్ఠ గుర్తొస్తుంది. 2011లో ఈ పట్టుదలల వల్లే స్టాండర్డ్ అండ్ పూర్స్ అనే సంస్థ మొదటిసారి అమెరికా పరపతి రేటింగు తగ్గించింది. 2023లో ఫిచ్ తగ్గించింది. 2025 మే 16న, ఈ బిల్లు మీద చర్చ నడుస్తుండగానే, మూడోదైన మూడీస్ కూడా తగ్గించింది. ట్రంప్ మొదటి విడతలో అప్పు సుమారు 20 లక్షల కోట్ల నుంచి 28 లక్షల కోట్ల డాలర్లకు చేరింది. బైడెన్ కాలంలో అక్కడి నుంచి 36కు చేరింది. ఇద్దరికి ఇద్దరే.

2023లో బైడెన్, రిపబ్లికన్ స్పీకర్ మెకార్తీ కలిసి ఒప్పందం చేసుకుని గీతను జరిపారు. ఆ ఒప్పందానికి మూల్యంగా ఆహార కూపన్లు తీసుకునేవాళ్ల మీద కొత్త షరతు పెట్టారు. అంతకు ముందు పిల్లలు లేని, ఒళ్లు సహకరించే పెద్దలు 49 ఏళ్ల దాకా పని చేసినట్టు రుజువు చూపిస్తేనే కూపన్లు ఇచ్చేవారు. దాన్ని 54 ఏళ్లకు పెంచారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు బిల్లు ఎలా నెగ్గిందో చూద్దాం. అక్కడి సెనేట్‌లో మామూలు బిల్లు ముందుకు కదలాలంటే 100 మందిలో 60 మంది ఒప్పుకోవాలి. బడ్జెట్ సర్దుబాటు పేరుతో ఒక దొడ్డిదారి ఉంది, దాంట్లో సగం కంటే ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు. ఆ దారినే వచ్చారు. జులై 1న సెనేట్‌లో ఓట్లు 50–50గా చీలాయి. ఉపాధ్యక్షుడు వాన్స్ తన ఓటు వేసి గట్టెక్కించారు. అంతకు ముందు సవరణల మీద ఓటింగు 24 గంటలకు పైగా ఆపకుండా సాగింది. జులై 3న దిగువ సభలో డెమొక్రాట్ల నాయకుడు జెఫ్రీస్ 8 గంటల 44 నిమిషాలు నిలబడి మాట్లాడారు, అది ఆ సభలో రికార్డు. చివరకు 218–214తో బిల్లు నెగ్గింది.

మన పార్లమెంటు సంగతి ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేం. 2018 మార్చిలో లోక్‌సభ మొత్తం కేంద్ర బడ్జెట్‌ను, ఫైనాన్స్ బిల్లుతో సహా, చర్చ లేకుండా అరగంటలో మూజువాణి ఓటుతో ఆమోదించింది. 2023లో కూడా బడ్జెట్ చర్చ లేకుండానే గడిచిపోయింది. దీన్ని గిలటిన్ అంటారు, తల నరికే యంత్రం పేరు. అక్కడ ఎనిమిది గంటలు మాట్లాడినా బిల్లు ఆగలేదు కదా అనవచ్చు. ఆగలేదు. కానీ ఎవరెవరు దేనికి ఓటేశారో ఆ ఊరి వాళ్లందరికీ పేరు పేరునా తెలుసు. మన నియోజకవర్గం ఎంపీ వ్యవసాయ పద్దు మీద ఏమన్నారో ఈ హాల్లో ఎవరైనా చెప్పగలరా?

సరే. అప్పు గురించి ఏళ్లతరబడి గొంతు చించుకున్న రిపబ్లికన్ సభ్యులు ఈ బిల్లుకు ఏం చేశారు? అప్పు పరిమితిని ఒక్కసారే 5 లక్షల కోట్ల డాలర్లు పెంచే బిల్లు ఇది. అక్కడ పార్లమెంటుకే ఒక బడ్జెట్ కార్యాలయం ఉంది, దాని పని ప్రతి బిల్లుకూ లెక్క కట్టడం. పదేళ్లలో ఈ బిల్లు వల్ల లోటు 3 లక్షల 40 వేల కోట్ల డాలర్లు పెరుగుతుందని అది తేల్చింది. ముందు రోజు దాకా ఒప్పుకోం అన్న వాళ్లు తెల్లారేసరికి ఓటేశారు. దిగువ సభలో ఎదురు నిలిచిన రిపబ్లికన్లు ఇద్దరే. వారిలో ఒకరు కెంటకీ రాష్ట్రపు థామస్ మాసీ. దేశం అప్పు క్షణక్షణం ఎంత పెరుగుతోందో చూపించే చిన్న మీటరు తయారుచేసుకుని కోటుకు తగిలించుకుని తిరిగే మనిషి. సెనేట్‌లో ఎదురు తిరిగిన ముగ్గురిలో రాండ్ పాల్‌ది కూడా కెంటకీయే. ఈ ఇద్దరి రాజకీయాలూ మనకు నచ్చేవి కావు, పేదలకు పెట్టే ఖర్చు ఇంకా కోయాలనే రకం. అయినా అప్పు వద్దన్న మాట మీద నిలబడ్డారు. ఇలాన్ మస్క్ కూడా బిల్లును అసహ్యమైనదని తిట్టిపోశారు. ఆయన తిట్టినా బిల్లు ఆగలేదు.

అప్పు దేనికి పెరుగుతోంది అన్నది అసలు ప్రశ్న. 2017లో ట్రంప్ పన్నులు తగ్గించారు. కంపెనీల పన్ను 35 నుంచి 21 శాతానికి శాశ్వతంగా తగ్గింది. వ్యక్తుల ఆదాయం మీద తగ్గింపులు మాత్రం 2025 చివరితో ముగిసేలా పెట్టారు. ఎందుకు? శాశ్వతంగా పెడితే లోటు లెక్క మరీ పెద్దగా కనబడుతుందని. ఇప్పుడు వాటిని శాశ్వతం చేశారు. చేస్తూ సెనేట్‌లో ఒక లెక్క వేశారు. ఈ తగ్గింపులు ఇప్పటికే అమల్లో ఉన్నాయి గనక వాటిని కొనసాగించడానికి అయ్యే ఖర్చు సున్నా అన్నారు! మన భాషలో చెప్పాలంటే, భూస్వామి దగ్గర మూడేళ్ల గడువుతో ఎకరం సాగుకు తీసుకున్నవాడు, గడువు తీరాక ‘మూడేళ్లుగా నేనే కదా దున్నుతున్నాను, ఇక రాసిచ్చేయండి, మీకు కొత్తగా పోయేదేముంది’ అన్నట్టు. కౌలు రైతు అలా అంటే పోలీసులు వస్తారు. అక్కడ అది చట్టమైంది.

ఈ బిల్లు వల్ల ఎవరికి ఎంత అనేది అదే బడ్జెట్ కార్యాలయం ఆగస్టులో లెక్కేసింది. అట్టడుగు పదో వంతు కుటుంబాలు ఏటా సగటున 1,200 డాలర్లు, అంటే లక్ష రూపాయల పైచిలుకు, పోగొట్టుకుంటాయి. పైనున్న పదో వంతు కుటుంబాలకు ఏటా 13,600 డాలర్లు, దాదాపు 12 లక్షల రూపాయలు, కలిసొస్తాయి. మధ్యలో వాళ్లకూ కొంత కలిసొస్తుంది, అది దాచనవసరం లేదు. కానీ కింద నుంచి లాగి పైన పెట్టారనేది వాళ్ల ప్రభుత్వ లెక్కే చెబుతోంది. అప్పు చేసి పప్పుకూడు అంటాం. ఇక్కడ పప్పుకూడు ఒక ఇంట్లో, అప్పు పద్దు ఇంకో ఇంట్లో.

కింద నుంచి లాగిందేమిటి? రెండు పెద్ద పద్దులు. ఒకటి మెడికెయిడ్, పేదల వైద్యం. మన ఆరోగ్యశ్రీ లాంటిదనుకోండి, అంతకంటే విస్తారమైనది. సుమారు 7 కోట్ల మంది దాని మీద ఆధారపడ్డారు. అందులో కోత, షరతులు కలిపి పదేళ్లలో కోటి మంది దాకా బీమా లేకుండా మిగులుతారని అంచనా. నెలకు 80 గంటలు పనిచేసినట్టు కాగితం చూపాలన్న షరతు 2027 జనవరి నుంచి వస్తుంది. 2026 నవంబరులో అక్కడ పార్లమెంటు ఎన్నికలు ఉన్నాయి. తేదీ ఎంత జాగ్రత్తగా పెట్టారో చూడండి. పల్లెల్లో ఆసుపత్రులు మూతపడతాయని సొంత పార్టీ వాళ్లే గోలపెడితే వాటికోసం 5 వేల కోట్ల డాలర్ల నిధి ఒకటి విడిగా పెట్టారు.

రెండోది ఆహార కూపన్లు, స్నాప్ అంటారు. బిల్లు వచ్చేనాటికి 4 కోట్లకు పైగా జనం. పదేళ్లలో 18,600 కోట్ల డాలర్ల కోత. ఇందాక 54 ఏళ్ల దగ్గర ఆపాం కదా, ఈ బిల్లు ఆ వయసును 64కు పెంచింది. 14 ఏళ్లు నిండిన పిల్లలున్న తల్లిదండ్రులను కూడా అందులోకి లాగింది. పైగా ఇన్నాళ్లూ కూపన్ల ఖర్చు మొత్తం కేంద్రం భరించేది, ఇక ముందు తప్పులు ఎక్కువ దొర్లిన రాష్ట్రాలు 15 శాతం దాకా మోయాలి. కేంద్రం చెయ్యి కడుక్కుని రాష్ట్రం నెత్తిన పెట్టడం మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

వైద్య బీమా రాయితీల మీద మళ్లీ గొడవ వచ్చి అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. నవంబరు మొదట్లో కూపన్లు ఆగిపోయి జనం కోర్టులకు ఎక్కారు. ప్రపంచంలో అందరికంటే ధనిక దేశంలో సంగతి ఇది.

ఇప్పుడు రైతు దగ్గరికి. ఇదే బిల్లులో రైతుకు డబ్బు పెంచారు. పదేళ్లలో సుమారు 6,600 కోట్ల డాలర్లు అదనం. అక్కడ పంటకు రిఫరెన్స్ ధర అని ఒకటి ఉంటుంది. మన మద్దతు ధరకు దూరపు చుట్టం. ప్రభుత్వం పంట కొనదు. దేశంలో సగటు ధర ఆ గీత కంటే తగ్గితే తేడాను రైతు ఖాతాలో వేస్తుంది. అదీ రికార్డులో నమోదైన పాత విస్తీర్ణంలో 85 శాతానికి. సోయాబీన్ బుషెల్‌కు 8.40 డాలర్లున్న గీత 10 డాలర్లకు పెరిగింది. వరి వంద పౌండ్లకు 14 డాలర్లుండేది 16.90 అయింది. వంద పౌండ్లంటే 45 కిలోల పైచిలుకు. లెక్కేస్తే క్వింటాలు ధాన్యానికి దాదాపు 3,280 రూపాయలు. మనకు 2025–26లో సాధారణ రకానికి 2,369. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సమగ్ర ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు ఇవ్వమంటే ఖజానా దివాలా తీస్తుందంటారు. వాళ్ల ఖజానా అప్పు చూశారుగా.

పత్తి సంగతి ఇంకా చిత్రం. గింజ తీయని పత్తికి పౌండుకు 36.7 సెంట్లున్న గీతను 42 సెంట్లు చేశారు. మన లెక్కలో క్వింటాలుకు 8,150 రూపాయల దగ్గర పడుతుంది. పొడుగు పింజకు 2025–26లో మన మద్దతు ధర 8,110. అంటే కాగితం మీద ఇద్దరిదీ ఒకటే! తేడా అంతా డబ్బు చేతికొచ్చే తీరులో ఉంది. అక్కడ ధర పడితే తేడా ఖాతాలో పడుతుంది. ఇక్కడ స్లాటు దొరకాలి, యాప్ పనిచేయాలి, కౌలు రైతు పేరు రికార్డులో ఉండాలి, తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి ధర, 12 దాటితే అసలు కొనరు. వానలో తడిసిన పత్తికి ఆ రేటు గోడ మీద రాసిన రేటే.

అయితే ఆ సొమ్ము అమెరికాలో అందరు రైతులకూ సమానంగా అందుతుందని భ్రమ పడొద్దు. ఒక మనిషికి ఏటా ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని 1,25,000 డాలర్ల నుంచి 1,55,000కు పెంచారు. రూపాయల్లో కోటీ ముప్పై ఆరు లక్షలు. కంపెనీ పెట్టుకుని సాగుచేసే వాళ్లలో ఒక్కో వాటాదారుకూ ఒక్కో పరిమితి వర్తించేలా సడలించారు. మనకు పీఎం కిసాన్ 6,000. ఆంధ్రలో అన్నదాతా సుఖీభవతో కలిపి 20,000, తెలంగాణలో రైతు భరోసా ఎకరానికి 12,000. పాత విస్తీర్ణం రికార్డులో లేని కొత్త రైతుకు, కూరగాయలు పండించే చిన్న రైతుకు ఈ రిఫరెన్స్ ధరతో పనే లేదు. ఇంకోవైపు ట్రంప్ సుంకాల గొడవతో చైనా 2025 సెప్టెంబరు నెలలో అమెరికా సోయాబీన్ గింజ ఒక్కటి కూడా కొనలేదు. అక్కడి చిన్న రైతు కూడా మన లాగే నెత్తిన చెయ్యి పెట్టుకునే ఉన్నాడు.

ఇక్కడ మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన విషయం చెబుతాం. 1973 నుంచి అమెరికాలో రైతు రాయితీలు, పేదల ఆహార కూపన్లు ఒకే ఫార్మ్ బిల్లులో ఉంటూ వచ్చాయి. పల్లె సభ్యులు పట్నం పేదల కూపన్లకు ఓటేసేవారు, పట్నం సభ్యులు రైతుకు ఓటేసేవారు. రెండు చేతులూ కలిస్తేనే బిల్లు నెగ్గేది. యాభై ఏళ్ల ఆ పొత్తును ఈ బిల్లు విరగ్గొట్టింది. రైతు పద్దు పెంచింది, కూపన్ల పద్దు కోసింది. రైతుకు పెంచింది కూపన్లలో కోసిన దానిలో మూడో వంతు. అంటే రైతును పేదవాడికి ఎదురుగా నిలబెట్టారు. పైగా కూపన్ల డబ్బు ఎక్కడికి పోతుంది? బియ్యం, పాలు, కోడిగుడ్లు కొనడానికే. తినేవాడి చేతిలో డబ్బు తగ్గితే పండించేవాడి సరుకు ఎవరు కొంటారు?

మన దగ్గర ఈ ముడి ఇంకా గట్టిది. ఎఫ్‌సీఐ కొన్న ధాన్యమే రేషన్ షాపుకు పోతుంది. ఆహార సబ్సిడీకి 2025–26లో కేటాయించిన 2 లక్షల 3 వేల కోట్ల రూపాయలు పేదవాడిదా రైతుదా అంటే ఇద్దరిదీ. ‘ఉచిత బియ్యం ఇచ్చి కూలీలను సోమరులను చేశారు’ అని మన రచ్చబండల మీద మనవాళ్లే అంటుంటారు. ఉపాధి హామీ ఎత్తేస్తే కూలి రేటు దిగుతుందని ఆశపడేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో రైతుకు వేసిన గాలం అదే. రేషన్ తగ్గితే ఎఫ్‌సీఐ కొనుగోలు తగ్గుతుంది, అప్పుడు మద్దతు ధర ఉన్నా లేనట్టే. ఉపాధి హామీకి 2024–25లో 86 వేల కోట్లు, 2025–26లోనూ 86 వేల కోట్లే. ధరలు పెరిగాయి, పద్దు అంగుళం కదల్లేదు. దానికి చెప్పిన కారణం లోటు అదుపు.

మన లోటు సంగతీ చూద్దాం. 2025–26 బడ్జెట్‌లో వడ్డీకే 12 లక్షల 76 వేల కోట్లు కేటాయించారు, మొత్తం ఖర్చులో నాలుగో వంతు. ఎరువుల సబ్సిడీ 1 లక్ష 68 వేల కోట్లు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించినప్పుడు ఏడాదికి 1 లక్ష 45 వేల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ రోజు ఎవరూ అప్పు మాట ఎత్తలేదు. పదేళ్లలో బ్యాంకులు 16 లక్షల 35 వేల కోట్ల బాకీలను పద్దుల నుంచి తీసేశాయని 2025 మార్చిలో పార్లమెంటులో చెప్పారు. అది మాఫీ కాదు, వసూలు కొనసాగుతుంది అని వివరణ ఇస్తారు. సాంకేతికంగా ఆ మాట నిజమే. కానీ బంగారం తాకట్టు పెట్టిన రైతుకు గడువు దాటగానే వేలం నోటీసు వస్తుంది, ఆ సాంకేతికత మన దాకా దిగిరాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే నాటకం. తెలంగాణలో ప్రభుత్వం మారగానే 2023 డిసెంబరులో శ్వేతపత్రం పెట్టి అప్పులు 6 లక్షల 71 వేల కోట్లన్నారు. ఆంధ్రలో 2024లో శ్వేతపత్రం పెట్టి 9 లక్షల 74 వేల కోట్లన్నారు. దిగిపోయినవాళ్లు ఆ లెక్కలు తప్పన్నారు. ఎవరి లెక్క ఒప్పో తేల్చే పని మనకు పెట్టుకోకుండా, ఆ అప్పులో ఎంత కాలువల మీద పడింది, ఎంత కాంట్రాక్టర్ల బిల్లులకు పోయింది అని అడగాలి. అప్పు చేసి చెరువు కట్ట పోసినా, గోదాములు కట్టినా మనకు అభ్యంతరం లేదు.

ఇక ఆ బిల్లు మన వాకిట్లోకి ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాం.

లోటు ఎలా పూడుస్తారని అడిగితే ట్రంప్ ప్రభుత్వం చూపించింది దిగుమతి సుంకాలను. సుంకాల వల్ల పదేళ్లలో లోటు 4 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతుందని ఆగస్టులో వాళ్ల బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది, నవంబరులో దాన్ని 3 లక్షల కోట్లకు దించింది. సుంకాలు చట్టబద్ధమేనా అన్నది 2025లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఆ సుంకాల్లో భాగంగానే మన సరుకు మీద 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం వేశారు. సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. అతను ఎగుమతిదారు దగ్గర ధర తగ్గించమంటాడు, ఎగుమతిదారు చెరువు గట్టు మీదకొచ్చి కౌంటు ధర తగ్గిస్తాడు. దేశంలో రొయ్యలు ఎక్కువ పండేది ఆంధ్రలో, ఎక్కువ కొనేది అమెరికా. అక్కడి ధనికులకు పన్ను తగ్గించి చేసిన గుంటలో మన రొయ్యల రైతు కూడా ఒక తట్ట మట్టి పోశాడు.

పత్తి మీద ఇంకో దెబ్బ. 11 శాతం ఉన్న దిగుమతి సుంకాన్ని మన కేంద్రం 2025 ఆగస్టు 19న ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి తీతల కాలం. రిఫరెన్స్ ధర పెంచుకున్న దేశపు పత్తికి తలుపు తెరిచి, 60 లక్షల మంది మన పత్తి రైతులను దాని ఎదుట నిలబెట్టారు. అమెరికా పత్తి రాయితీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి గెలిచింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు కట్టి రాజీ కుదుర్చుకుంది. అదే అమెరికా 2018లో మన వరి, గోధుమ, పత్తి మద్దతు ధరలు పరిమితి దాటాయని అక్కడే ఫిర్యాదు చేసింది. ఆ పరిమితి లెక్కగట్టేది 1986–88 నాటి ధరలతో!

పిల్లలు విదేశాల్లో ఉన్న వాళ్ల కోసం ఒక మాట. డబ్బు పంపితే 3.5 శాతం పన్ను అని దిగువ సభ మొదట పెట్టింది. చివరికి చట్టంలో 1 శాతం మిగిలింది, 2026 జనవరి 1 నుంచి అమలు. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు రూపంలో పంపితేనే. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి గానీ డెబిట్ కార్డుతో గానీ పంపితే ఈ పన్ను లేదు. దీని పేరు చెప్పి మధ్యవర్తులు ఎవరైనా కమీషన్ అడిగితే ఇవ్వకండి.

పత్తి సుంకం మినహాయింపు 2025 డిసెంబరు 31 దాకా ఇచ్చారు.  ఏటా ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వస్తుంది. ఈలోపు ప్రతి మండల కమిటీ తమ ఎంపీకి రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు ఇవ్వాలని జిల్లా కమిటీ నిర్ణయించింది. పత్తి మీద 11 శాతం సుంకం ఉండాలని సభలో అడుగుతారా? వ్యవసాయ పద్దు మీద చర్చ జరగకుండా గిలటిన్ చేస్తే అభ్యంతరం చెబుతారా? నమూనా కాగితాలు ద్వారం దగ్గర ఉన్నాయి. సంతకాలు పెట్టించాక ఎంపీ కార్యాలయంలో ఇచ్చినట్టు రసీదు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. ఆ రసీదుల కాపీలు జనవరి 10 లోగా జిల్లా ఆఫీసుకు పంపితే, ఎవరు జవాబిచ్చారో ఎవరు ఇవ్వలేదో వచ్చే సంచికల్లో పేర్లతో వేస్తాం.